వాల్వ్ ఫ్లోట్: గట్టి స్ప్రింగులు వేయాలా, సాలిడ్ లిఫ్టర్లకు మారాలా?

క్యామ్‌లోబ్
పుష్‌రాడ్ వీ8 (క్యామ్ కదలిక లిఫ్టర్, పుష్‌రాడ్, రాకర్ మీదుగా వాల్వ్‌కు చేరే ఇంజిన్), హైడ్రాలిక్ రోలర్ లిఫ్టర్లు, రాకర్ నిష్పత్తి 1.7, అంటే లిఫ్టర్ కదిలిన దానికి 1.7 రెట్లు వాల్వ్ కదులుతుంది. వాల్వ్ 0.600 అంగుళాలు లేచే క్యామ్ వేశాను, స్ప్రింగులు మాత్రం పాతవే. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద 6,400 ఆర్‌పీఎం దాకా బ్రహ్మాండంగా లాగుతుంది. ఆ పైన పవర్ గీత వణికి పడిపోతోంది. వాల్వ్ ఫ్లోట్ అనుకుంటున్నాను, అంటే స్ప్రింగ్ వాల్వ్‌ను క్యామ్ వెంట నడిపించలేకపోవడం. ఇగ్నిషన్, పెట్రోల్ ప్రెషర్ బాగానే ఉన్నాయి. నాకు 7,000 కావాలి. ఏం చేయమంటారు?

స్పానర్
సాలిడ్ రోలర్‌కి, అంటే లోపల ఆయిల్ ప్లంజర్ లేని లిఫ్టర్‌కి మారిపోండి. హైడ్రాలిక్ లిఫ్టర్‌లో ప్లంజర్ ఆయిల్ మీద నిలబడి ఉంటుంది. ఫ్లోట్ వచ్చి ఎక్కడైనా సందు ఏర్పడిందా, ప్లంజర్ పైకొచ్చి ఆ సందును ఆయిల్‌తో నింపేస్తుంది. ఇక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. పంప్-అప్ అనేది ఇదే. సాలిడ్‌లో ఈ గొడవ లేదు, టాపెట్ సెట్టింగ్ అప్పుడప్పుడు చూసుకుంటే చాలు.

డైనోగది
స్పానర్ గారూ, పంప్-అప్ గురించి మీరన్నది నిజమే. కానీ ముందు ఫ్లోట్ వస్తేనే కదా అది వచ్చేది? జనరల్ మోటార్స్ పుష్‌రాడ్ వీ8 ఎల్ఎస్7 చూడండి. 7.0 లీటర్ల ఇంజిన్, ఫ్యాక్టరీ నుంచే హైడ్రాలిక్ రోలర్లు, రెడ్‌లైన్ 7,000. అది సాధ్యం కావడానికి ఒక కారణం టైటానియం ఇన్‌టేక్ వాల్వులు. అంటే బరువు తగ్గించారు.

6,400 నుంచి 7,000కి ఆర్‌పీఎం 9 శాతమే పెరుగుతుంది. కానీ జడత్వ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి స్ప్రింగ్ మీద భారం దాదాపు 20 శాతం ఎక్కువవుతుంది. దాన్ని గట్టి స్ప్రింగ్‌తో అయినా ఆపాలి, కదిలే బరువు తగ్గించైనా ఆపాలి. ఎక్కడ తగ్గిస్తున్నామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. రాకర్ 1.7 అయితే వాల్వ్ వైపు ఒక గ్రాము, లిఫ్టర్ వైపు సుమారు 2.9 గ్రాములతో సమానం. అందుకే రిటైనర్‌లో (స్ప్రింగ్‌ను వాల్వ్ కొనకు పట్టి ఉంచే మూత) తగ్గే ప్రతి గ్రాముకూ విలువ ఉంది. పుష్‌రాడ్ మాత్రం తేలికది వెతక్కండి, మందంగా, వంగకుండా ఉండేది వేయండి.

ఇక గట్టి స్ప్రింగ్ సంగతి. మూసినప్పుడు 130 పౌండ్లు, రేటు (అంగుళం నొక్కితే పెరిగే బలం) 400 పౌండ్లు అనుకుందాం. మీ క్యామ్‌తో పూర్తిగా తెరిచినప్పుడు 370 అవుతుంది. అదే లిఫ్టర్ రోలర్ దగ్గరికి వచ్చేసరికి 1.7 రెట్లు, అంటే 629 పౌండ్లు. ఆ రోలర్ లోపలున్న సూది బేరింగులు మోసేది దాన్నే. స్ప్రింగ్ ఇంకా పెంచితే హైడ్రాలిక్ ప్లంజర్ లోంచి ఆయిల్ త్వరగా కారి లిఫ్ట్ కూడా కొంత పోతుంది. కాబట్టి అవసరానికి మించిన స్ప్రింగ్ భద్రత అనుకోవడం పొరపాటు.

గీత వణుకుతోందంటే స్ప్రింగ్ సర్జ్ కూడా కావచ్చు, అంటే చుట్లు తమ సహజ పౌనఃపున్యంలో ఊగిపోవడం. పైకి సన్నబడే బీహైవ్ స్ప్రింగ్ ఆ ఊపును బాగా తట్టుకుంటుంది, రిటైనర్ కూడా చిన్నది పడుతుంది. నా ఓటు దానికే.

పాతఇంజిన్
బీహైవ్‌తో నాకు భయం ఒక్కటే. అది విరిగితే వాల్వ్‌ను పట్టుకునే రెండో స్ప్రింగ్ లేదు, నేరుగా పిస్టన్ మీదికి జారుతుంది. డ్యూయల్‌లో (ఒకదానిలో ఒకటి ఉండే రెండు స్ప్రింగులు) ఒకటి విరిగినా రెండోది ఆపే అవకాశం ఉంది. రెండూ ఒరుసుకోవడం వల్ల సర్జ్ కూడా అణుగుతుంది. కొంచెం బరువు ఎక్కువైనా ట్రాక్ మీద తిరిగే బండికి నేను డ్యూయలే వేస్తాను.

ఇంకోటి, ఏది కొన్నా ఇన్‌స్టాల్డ్ హైట్ (వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ ఎత్తు) కొలవకుండా బిగించకండి. స్ప్రింగ్ కింద 0.030 అంగుళాల షిమ్ (పలుచని వాషర్) పెడితే పైన చెప్పిన స్ప్రింగ్‌కి 12 పౌండ్లు పెరుగుతుంది, కానీ చుట్లు ఒకదానికొకటి తగలడానికి ఉన్న ఖాళీ కూడా అంతే తగ్గుతుంది. పూర్తి లిఫ్ట్‌లో సుమారు 0.060 మిగలాలి.

ఫ్లాట్ టాపెట్ (రోలర్ లేని లిఫ్టర్) వాళ్లెవరైనా చదువుతుంటే ఈ లెక్కలు మీకు కావు. అంత లోడ్‌కు క్యామ్ లోబ్ (లిఫ్టర్‌ను లేపే ఉబ్బు) అరిగిపోతుంది. క్యామ్ బ్రేక్-ఇన్‌కి (కొత్త క్యామ్‌ను మొదట తిప్పి అలవాటు చేయడం) లోపలి స్ప్రింగ్ తీసేయండి, జింక్ ఉన్న ఆయిల్ పోయండి.

స్పానర్
మరి 2017లో 4.0 లీటర్ల జీటీ3కి పోర్షే హైడ్రాలిక్ సర్దుబాటు ఎందుకు తీసేసింది? 9,000 తిరిగే ఇంజిన్ అది.

డైనోగది
దానికి ముందు వచ్చిన 3.8 హైడ్రాలిక్‌తోనే 9,000 తిరిగింది కదండీ. పైగా అందులో హైడ్రాలిక్ ముక్క ఫాలోవర్ (క్యామ్‌కూ వాల్వ్‌కూ మధ్య ఉండే మీట) ఆనే చోట కదలకుండా కూర్చుంటుంది, పుష్‌రాడ్ ఇంజిన్ లిఫ్టర్‌లా పైకీ కిందికీ పరిగెత్తదు. దాన్ని ఇక్కడ ఎటువైపూ సాక్ష్యంగా తీసుకోలేం.

క్యామ్‌లోబ్
ఒక స్ప్రింగ్ తీసి టెస్టర్‌లో పెట్టాను. మూసినప్పుడు 90 పౌండ్లే. లిఫ్టర్లు ముట్టుకోను. క్యామ్ తయారీదారు చెప్పిన లోడ్‌కు సరిపోయే డ్యూయల్ స్ప్రింగులు, టైటానియం రిటైనర్లు, మందం పుష్‌రాడ్లు ఆర్డర్ చేస్తున్నాను.

స్పానర్
7,000 వరకైతే సరే, ఒప్పుకుంటాను. రేపు 7,500 అడిగితే మాత్రం సాలిడే.