చిండిట్: నది పేరా, సింహం పేరా?

నిన్న ఒకరు అడిగారు: రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడిన బ్రిటిష్ ‘చిండిట్’ దళానికి ఆ పేరు చిండ్విన్ నది నుంచే వచ్చిందా అని. వినగానే అవుననిపిస్తుంది. 1943 ఫిబ్రవరిలో వాళ్లు ఆ నది దాటే జపాన్ సేనల వెనక్కి చొరబడ్డారు మరి. కానీ ఆ పేరు నదిది కాదు, వాళ్లు గుర్తుగా పెట్టుకున్న జంతువుది.

బర్మాలో పగోడా మెట్ల దగ్గర ఇటొకటి అటొకటి కాపలా కూర్చునే సింహాన్ని ‘చిందె’ అంటారు. ఆ చివరి హల్లు మన దకారం కాదు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టి, ఇంగ్లీషు ‘దిస్’లో లాగా పలకాలి. మనకు దానికి అక్షరం లేదు. ఇంగ్లీషువాళ్లకు ఆ ధ్వని బాగా అలవాటే, అయినా వాళ్ల నోట మాట ‘చిండిట్’ అయి కూర్చుంది!

బ్యాడ్జీ చూడండి: నీలం గుండ్రంలో బంగారు రంగు చిందె, పక్కన పగోడా. దళపతి ఆర్డ్ వింగేట్ దృష్టిలో అది సగం సింహం, సగం గద్ద. నేల మీద నడిచే సైనికుడు, పైనుంచి తిండీ తూటాలూ జారవిడిచే విమానం, రెండూ ఒకే ఒంట్లో అన్నమాట. ఆ విమానమే వాళ్ల ప్రాణాధారం. అయినా మొదటిసారి వెళ్లిన 3,000 మందిలో 800 మందికి పైగా తిరిగి రాలేదు.

అందుకే నా మాట: దళం గురించైతే ‘చిండిట్’ అనే రాద్దాం, గుడి సింహాన్ని మాత్రం ‘చిందె’ అందాం. అదే యుద్ధంలో ‘ఎడారి ఎలుకలు’ అని పేరుపడ్డ మరో బ్రిటిష్ దళం దగ్గరా ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఆ దళం, అంటే 7వ ఆర్మర్డ్ డివిజన్, బ్యాడ్జీ మీద ఉన్నది మన ధాన్యం కొట్లో ఎలుక కాదు, ఎడారిలో కంగారూలా వెనక కాళ్ల మీద గెంతే జెర్బోవా.

పరాయి చోట పేరు మారడం మనకూ జరిగింది. కోరంగి రేవులో ఓడెక్కిన పాపానికి, ఏ ఊరి తెలుగువాళ్లనైనా బర్మాలో ‘కోరంగీలు’ అనేశారు. 1942లో జపాన్ దాడికి భయపడి చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. మీ ఇళ్లలో అలా రంగూన్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఉంటే, ఆ పగోడా సింహాన్ని ఏమని పిలిచేవారో అడిగి ఇక్కడ రాయండి. ఆ మాట నాకు చాలా అవసరం.