దెయ్యం కథ చెడింది దర్శకత్వం వల్లా, ఎడిటింగ్ వల్లా?

అందరికీ నమస్కారం. మా విజయనగరంలో సినిమాల గురించి మాట్లాడుకునే చిన్న బృందం కోసం, ఈమధ్య చూసిన ఒక సూపర్‌నేచురల్ థ్రిల్లర్‌పై సమీక్ష రాస్తున్నాను. పేరు చెప్పి ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు. కథ నిజంగా బాగుంది, నటీనటులూ ప్రాణం పెట్టారు, కానీ భయం పుట్టవలసిన ప్రతి చోటా దర్శకుడు తొందరపడ్డాడనిపించింది. అర్ధరాత్రి నూతి గిలక దానంతట అదే తిరగడం మొదలై, చేంతాడు బిగుసుకుని, బరువైనదేదో పైకి వస్తోందని మనం ఊపిరి బిగబట్టిన క్షణంలో ఫ్లాష్‌బ్యాక్‌కు కట్ చేసి, తిరిగి వచ్చేసరికి చెవులు చిల్లులు పడే శబ్దంతో సరిపెట్టేశారు. హాల్లో జనం నవ్వారు. 1992లో వచ్చిన ‘రాత్రి’లో రామ్‌గోపాల్ వర్మ కెమెరా కదలికతోనే పుట్టించిన భయం ఎరిగినవారికి ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నా సందేహం ఇది: ఇలాంటి సన్నివేశం చెడినప్పుడు, తప్పు స్క్రీన్‌ప్లేలో ఉందా, చిత్రీకరణలో ఉందా, ఎడిటింగ్ టేబుల్ మీద జరిగిందా అన్నది తెర మీద చూసి ఎలా పోల్చుకోవాలి? ముఖ్యంగా, ఆ కట్ ముందే రాసుకున్నదా, నిడివి తగ్గించే ఒత్తిడిలో తరువాత వచ్చినదా అని పసిగట్టే ఆనవాళ్లను ఎడిటింగ్ విభాగంలో పనిచేసినవారెవరైనా దయచేసి వివరించగలరా?