పిచ్చర్ ప్లాంట్ కుండీ మార్చేటప్పుడు వేర్లు కడగాలా, వద్దా?

పచ్చతీగ:
నా దగ్గర నెపెంథిస్ (ఆకు చివర పురుగుల్ని పట్టే కూజాలు వచ్చే పిచ్చర్ ప్లాంట్) ఒకటి ఉంది, ట్యాగ్ మీద వెంట్రాటా అని రాసుంది. వేలాడదీసే కుండీ, లోపలంతా కోకోపీటే (కొబ్బరి పీచు పొడి). పైన తెల్లటి పొర కట్టింది, నీళ్లు పోస్తే లోపలికి దిగకుండా కాసేపు పైనే నిలబడి అంచుల వెంట జారిపోతున్నాయి. ఆకులు వస్తున్నాయి గానీ ఆకు చివర తీగ సాగి, దాని కొనన చిన్న మొగ్గలాంటిది వచ్చి అక్కడే ఎండిపోతోంది, కూజా అవ్వట్లేదు. సరే కుండీ మార్చేద్దామని స్ఫాగ్నమ్ మోస్ (నీరు పట్టి ఉంచే నాచు), పెర్లైట్ (తేలికైన తెల్ల గుల్ల పలుకులు), ఆర్కిడ్ బార్క్ (చెట్టు బెరడు ముక్కలు) తెచ్చిపెట్టుకున్నా. తీరా అడిగితే సగం మంది పాతదంతా కడిగేసి పెట్టమంటున్నారు, మిగతా సగం మంది వేర్లు ముట్టుకున్నావో మొక్క పోయినట్టే అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఏం చెప్పినా కారణంతో చెప్పండి, ఊరికే "నేనైతే ఇలా చేస్తా" అంటే నాకు పనికిరాదు.

కుండీలమేడ:
కడగొద్దండి. నెపెంథిస్ వేర్లు నల్లగా, సన్నగా, తడి దారాల్లా ఉంటాయి, కాస్త గట్టిగా లాగితే పుటుక్కున తెగుతాయి. (చాలామంది ఆ నలుపు చూసి కుళ్లిపోయాయనుకుని కత్తిరించి పారేస్తారు. నలుపే వాటి రంగు మహాప్రభో!) మొక్క నీళ్లు తాగేది ముఖ్యంగా ఆ సన్నటి కొనల దగ్గరే, కడిగే హడావుడిలో ముందు పోయేవీ అవే. పైన ఆకులన్నీ అలాగే ఉంటాయి, వాటి నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, కింద మాత్రం తాగే వేర్లు సగమైపోతాయి. వాడిపోక ఏం చేస్తుంది? ముద్దని ముద్దగానే పైకి తీసి, పాతదాని కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు వెడల్పున్న ప్లాస్టిక్ కుండీలో పెట్టి, చుట్టూ కొత్త మిశ్రమం వదులుగా నింపండి. అయిపోయింది.

నీటిబొట్టు:
అయిపోలేదు. పచ్చతీగ గారు రాసిన లక్షణాలు చదివారా అసలు? తెల్ల పొర అంటే చాలావరకు ఉప్పులే. కోకోపీట్‌లో సోడియం, పొటాషియం లవణాలు ముందే ఉంటాయి, సరిగ్గా కడగని సరుకైతే మరీ ఎక్కువ, దానికి తోడు కొళాయి నీళ్లు. పోషకాలు దాదాపు లేని నేలల్లో పెరిగే మొక్క ఇది, పురుగుల్ని పట్టుకునేదే అందుకు. ఆ ఉప్పు ముద్దని యథాతథంగా తీసుకెళ్లి శుభ్రమైన మోస్ మధ్యలో కూర్చోబెడితే ఏం మారినట్టు?

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కొత్త మిశ్రమం గుల్లగా ఉంటుంది, పాత ముద్ద బిగుసుకుపోయి ఉంటుంది. పోసిన నీళ్లు గుల్లగా ఉన్న చోట నుంచి సర్రున దిగిపోతాయి. మధ్యలో ముద్ద ఎండిందంటే మళ్లీ తడవడం కష్టం, బాగా నానిందంటే ఆరడం కష్టం. వేర్లన్నీ ఉండేదేమో దాంట్లోనే. పైగా విదేశాల నుంచి వచ్చే నెపెంథిస్‌లు మట్టి లేకుండా ఉత్త వేర్లతోనే వస్తాయి, మట్టితో పంపడానికి చాలా దేశాల క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు. కడిగితే చచ్చిపోయేదైతే ఆ వ్యాపారమే నడవదు కదా.

వేరుపురుగు:
ఆ దిగుమతి వాదన ప్రతిసారీ వస్తుంది, ప్రతిసారీ సగమే చెప్తారు. అలా వచ్చేవి ఎక్కువగా టిష్యూ కల్చర్‌లో (ల్యాబ్ సీసాల్లో) పెంచిన చిన్న మొక్కలు. తడి మోస్ చుట్టి పంపుతారు, దిగాక తేమ బాగా పట్టి ఉంచే పెట్టెలో పెట్టి కోలుకోనిస్తారు, అప్పటికీ కొన్ని పోతాయి. పోయినవాటి ఫోటోలు ఎవరు పెడతారు? తీగ సాగిన పెద్ద మొక్కని కడిగేసి తిన్నగా తీసుకెళ్లి బాల్కనీ గాలికి వేలాడదీయడం పూర్తిగా వేరే సంగతి.

అయినా మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. కూజా రాకపోవడానికి కుండీయే కారణమని ఎవరన్నారు? మొగ్గ వచ్చి ఎండిపోతోందంటే నా అనుమానం ముందు గాలిలో తేమ మీద, తర్వాత వెలుతురు మీద. కుండీ మార్చాక కూడా మొక్కని అదే చోట పెడితే కొత్త కూజాలు రావడం అటుంచి, ఉన్నవి కూడా ఎండిపోతాయి. అప్పుడు మోస్‌ని తిడతారు.

మబ్బుచాయ:
ఇంత టెన్షన్ ఎందుకు అందరికీ? నేను ఏటా చలికాలం చివర్లో బయటికి తీసి, పైపు పెట్టి కడిగేసి, దుంప విడగొట్టి మళ్లీ నాటి నీళ్ల ట్రేలో కూర్చోబెడతా. ఒక్కటీ పోలేదు.

నీటిబొట్టు:
దుంప అంటున్నారంటే మీది సారసీనియా.

మబ్బుచాయ:
అవును, అదే. అయితే ఏం, అదీ కూజా మొక్కే, ఇదీ కూజా మొక్కే, సూత్రం మారుతుందా?

కుండీలమేడ:
మారుతుంది బ్రో, మొత్తం మారుతుంది. సారసీనియా ఉత్తర అమెరికా బురద నేలల మొక్క. చలికాలం నిద్రలోకి వెళ్తుంది, దుంపలో నిల్వ ఉంటుంది, వేర్లు కూడా కాస్త లావుగా గట్టిగా ఉంటాయి. నిద్ర ముగిసే ముందు కడిగి పెడితే దానికి పట్టింపే ఉండదు, కుండీ అడుగు నీళ్లలో ఉన్నా హాయిగానే ఉంటుంది. నెపెంథిస్ ఉష్ణమండలం మొక్క, దానికి ఆ నిద్రా లేదు, ఆ దుంపా లేదు. ట్రేలో నీళ్లు ఎప్పుడూ నిలవ ఉంటే వేర్లకి గాలి అందక కుళ్లు పడుతుంది. పచ్చతీగ గారూ, ఆ ట్రే మాట మాత్రం పట్టించుకోకండి. (సెఫలోటస్ అనే ఇంకో రకం కూజా మొక్క పెంచేవాళ్లెవరైనా చదువుతుంటే, మీరు ఇటు కడగడం వైపూ వద్దు, అటు ట్రే వైపూ వద్దు. దాన్ని కదిపితే నెలల తరబడి అలుగుతుంది.)

గుల్లమట్టి:
వాదన బాగుంది గానీ ఒక్కరూ కొలవమని చెప్పలేదు. ముందు కుండీని మామూలుగా తడిపి ఓ గంట వదిలేయండి. తర్వాత ఖాళీ గిన్నె మీద పెట్టి పైనుంచి వాన నీళ్లో ఆర్‌ఓ నీళ్లో నెమ్మదిగా పోసి, కింద మొదట కారిన నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని పీపీఎం ఉన్నాయో చూపించేది) ముంచండి. ఈ మొక్కలకి పోసే నీళ్లు 50 పీపీఎం లోపుంటే మంచిదని పెంచేవాళ్లు సాధారణంగా పాటించే లెక్క. కారే నీళ్లు 100కి అటూ ఇటూ ఉంటే కుండీలమేడ గారు చెప్పినట్టు ముద్దతోనే దించేయండి. మూడు నాలుగు వందలు దాటితే నీటిబొట్టు గారిదే కరెక్టు. మీటర్ అది ఏ ఉప్పో చెప్పదు, మొత్తం ఎంతో చెప్తుంది, మనకి అది చాలు.

రెండోది వేరు పరీక్ష. కుండీ పక్కలు నొక్కి వదులు చేసి, అంచున కనపడే ఒక వేరుని వేళ్ల మధ్య మెల్లగా నలపండి. గట్టిగా, సాగినట్టు ఉంటే అది ఎంత నల్లగా ఉన్నా బతికున్నట్టే. పైతొక్క జారిపోయి లోపల దారం ఒక్కటే మిగిలితే పోయినట్టు. కుళ్లు వాసన వస్తే ఇక నలపక్కర్లేదు.

కుండీలమేడ:
ఎక్కువ వచ్చిందే అనుకోండి, ఆ శుభ్రమైన నీళ్లే ఇంకో నాలుగు సార్లు ధారాళంగా పోస్తే ఉప్పు దిగిపోతుందిగా? వేర్లు కదపకుండా అదే పని అయిపోతుంది.

పచ్చతీగ:
కొలిచాను. పోసిన నీళ్లు 14, కారినవి 520. పైగా పక్క గీరి చూస్తే పసుపు రంగు ఎరువు గుళికలు (నెమ్మదిగా ఎరువు వదిలేవి) కనిపించాయి, చిదిమితే లోపల ఇంకా నీరుంది. వేరు మాత్రం గట్టిగానే ఉంది, వాసన లేదు. కుండీలమేడ గారూ, మళ్లీ మళ్లీ పోసి చూద్దామంటే అవి అంచుల వెంటే జారిపోతున్నాయి, మధ్యలోకి వెళ్తేగా ఉప్పు దిగేది.

నీటిబొట్టు:
చూశారా. ఇక ఆలోచించేదేం లేదు, మొత్తం తీసేయండి.

గుల్లమట్టి:
గుళికలున్నాయంటే పోవాల్సిందే, ఒప్పుకుంటా. కానీ "మొత్తం" దగ్గర ఆగండి. కుండీతో సహా శుభ్రమైన నీళ్ల బకెట్‌లో ఓ అరగంట ముంచండి, కుండీ అంచు దాకా. మొక్క దానంతట అది వదులయ్యాక కాండాన్ని పట్టి లాగకుండా కుండీనే కిందికి జార్చండి. ఆ తర్వాత ముద్దని నీళ్లలోనే పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంటే కోకోపీట్ పొడి రాలిపోతుంది, నీళ్లు కాఫీ రంగులోకి తిరిగితే పారబోసి మళ్లీ పట్టండి. కొబ్బరి పీచు పోగులు వేర్లకి చుట్టుకుని ఉంటాయి చూడండి, అందరూ వేర్లు తెంపుకునేది అక్కడే. ఊపితే వచ్చింది వస్తుంది, రానిది వదిలేయండి. గుళికలు మాత్రం కనపడిన ప్రతిదీ ఏరేయండి. పైపు ధార అసలు వద్దు.

నీటిబొట్టు:
కాండం కింద నడిమధ్యలో పిడికెడు పాతది వదిలేస్తే నేను చెప్పిన నీళ్ల సమస్య అలాగే మిగులుతుంది. నేను దీనికి ఒప్పుకోను.

గుల్లమట్టి:
పొడి రాలిపోయాక మిగిలేది పీచు, అది గుల్లగానే ఉంటుంది, నీళ్లు ఆపదు. బిగుసుకునేది పొడి. మీ సూత్రం ప్రకారమే చెప్తున్నా.

వేరుపురుగు:
ఎంత కడిగారన్నదాని కంటే కడిగాక ఏం చేస్తారన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. మోస్‌ని పిండితే చుక్కలు పడనంత తడిగా వాడండి, వేళ్లతో కూరి బిగించకండి, కూరితే రేపు అదీ బిగుసుకుపోతుంది. బాగా పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ సంచీ తొడిగి వెలుతురున్న నీడలో, నేరుగా ఎండ తగలని చోట ఉంచి, కొత్త ఆకు విచ్చుకోవడం మొదలయ్యాక సంచీని కొద్దికొద్దిగా తెరుస్తూ పోండి. ఒక్కసారిగా తీసేస్తే పడ్డ కష్టమంతా బూడిద పాలు. అప్పటిదాకా ఎరువు మాట ఎత్తొద్దు. పాత కూజాలు అంచు నుంచి ఎండుతాయి, అది మామూలే, ఆకు పచ్చగా ఉన్నంతవరకూ కంగారు పడి మళ్లీ పీకి చూడకండి. మోస్ కూడా ఏడాది రెండేళ్లకి కుళ్లి మెత్తబడుతుంది, అప్పుడు మళ్లీ ఈ పనే.

కుండీలమేడ:
సంచీ మాట బాగుంది. కడగడం విషయంలో మాత్రం నా మాట నాదే: ఎరువు గుళికలున్న కేసు కాబట్టి సరే, మీటర్ తక్కువ చూపించి నీళ్లు బాగా దిగే కుండీని ఇలా చెయ్యొద్దు. రేపు ఇది చదివి ప్రతివాళ్లూ బకెట్ పట్టుకుంటారు.

పచ్చతీగ:
ఊపి రాలినంత తీసేస్తా, మిగిలింది వదిలేస్తా, సంచీ తొడుగుతా. ఒక్క డౌటు: కింద రెండు పెద్ద కూజాలు ఇంకా బాగున్నాయి, లోపల ద్రవం, పురుగులు ఉన్నాయి. బకెట్‌లో పని చేసేటప్పుడు ఒలికిపోతే?

గుల్లమట్టి:
ముంచే ముందు ఒక్కో కూజా నోట్లో కాస్త తడి మోస్ ఉండలా చుట్టి వదులుగా పెట్టండి, ఒరిగినా అంత తేలిగ్గా ఒలకదు, కూజా నోరు మాత్రం బకెట్ నీళ్లలో మునగనివ్వకండి. పని అయ్యాక తీసేయండి. ఒకవేళ ఒలికిపోతే అడుగు తడిసి కాస్త పైకి వచ్చేదాకా శుభ్రమైన నీళ్లు పోయండి, నిండా వద్దు.