దేవుడు తొండి చేశాడా? పిల్లల్ని భక్తి యానిమేషన్ సినిమాలకి తీసుకెళ్లాలా వద్దా

బుడ్డోడి నాన్న:
మావాడికి ఏడేళ్లు. 2025 జులైలో మహావతార్ నరసింహ వచ్చినప్పుడు అందరూ పిల్లల్తో వెళ్తున్నారని మేమూ వెళ్లాం, హాల్లో కొందరు చెప్పులు పక్కన విప్పి మరీ కూర్చున్నారు, స్తంభం పగిలేసరికి ఈలలు, కేకలు, మావాడు మాత్రం గమ్మున ఉన్నాడు. ఇంటికొస్తుంటే బండి మీద వెనక నుంచి అడిగాడు, నాన్నా, పగలు వద్దు రాత్రి వద్దు, లోపల వద్దు బయట వద్దు అని ముందే ఒప్పుకున్నారు కదా, మరి సాయంత్రం పూట గడప మీద చంపితే అది తొండి కదా అని. నాకు నవ్వొచ్చింది గానీ సమాధానం రాలేదు. మా ఆవిడేమో ఇలాంటివి చూస్తేనే పిల్లలకి మంచీ చెడూ తెలుస్తాయంటది. నాకైతే వాడికి ఫైట్ తప్ప ఇంకేం ఎక్కినట్టు లేదు. మీ ఇళ్లల్లో ఎట్లా ఉంది?

గుట్ట పోరడు:
అన్నా గది తొండి ఎట్లయితది, రూల్ ప్రకారమే కొట్టిండు. మనిషి గాదు జంతువు గాదు, ఆయుధం గాదు గోర్లు, నేల మీద గాదు ఆకాశంల గాదు, తొడ మీద. వరం అడిగినోడే అతితెలివి చూపిచ్చిండు. యాదగిరిగుట్ట పోయినప్పుడల్లా మా నానమ్మ గిదే చెప్పేది, మేమేం ఖరాబు కాలే. పిల్లగాండ్లు దినాం ఫోన్ల గన్ను గేములు ఆడుతరు, గప్పుడు లేని బాధ దేవుడి సినిమాకే వస్తదా?

హేతువాది77:
గన్ను గేములో ఎవడూ దణ్ణం పెట్టమనడు తమ్ముడూ, తేడా అదే. పేగులు తీసినాయనకి చేతులెత్తి మొక్కమంటే ఏడేళ్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, మన దేవుణ్ణి ఒప్పుకోనోడికి ఇదే గతి అని. హిరణ్యకశిపుడి కోపానికి కారణం కూడా ఉంది, తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి వరాహావతారం చంపింది, ఫస్ట్ హాఫ్ అంతా అదే కదా చూపించారు. తమ్ముడు పోతే అన్నకి కోపం రాదా అని పిల్లాడు అడిగితే కళ్లు పోతాయి అంటాం, చర్చ అక్కడితో క్లోజ్.

సింహాద్రి చెల్లి:
హేతువాది గారూ, ఆ కథలో నోరు మూసుకోనిది పిల్లాడు ప్రహ్లాదుడే కదండీ. ఎదురుగా తండ్రి, అందులోనూ రాజు, పక్కన చండామార్కులనే ఇద్దరు గురువులు, అయినా నాకు ఇది తప్పనిపిస్తోంది అన్నాడు. మన ఇళ్లల్లో ఏ పిల్లాడైనా అలా అంటే ఊరుకుంటామా, అందుకని దాంట్లో భక్తి ఒక్కటే చూసి మిగతాది వదిలేస్తాం. కానీ నా గొడవ వేరే. సింహాచలంలో స్వామికి ఏడాదంతా చందనం పూసి ఉంచుతారు, నిజరూపం కనిపించేది అక్షయ తృతీయ ఒక్క రోజే. ఉగ్రం తట్టుకోలేమని పెద్దవాళ్లకే అంత చల్లబరిచి చూపిస్తే, ఆరేళ్ల పిల్లలకి డాల్బీ సౌండుతో నెత్తురు చూపించడం ఏంటండీ? మా అక్క కూతురు రెండ్రోజులు లైట్ ఆపనివ్వలేదు.

గుట్ట పోరడు:
లైట్ ముచ్చట కరెక్టే అక్కా, మా బిడ్డ గూడ భయపడ్డది. ఒప్పుకుంటున్న.

డల్లాస్ బాబాయ్:
ఇక్కడ మా పిల్లల ఫ్రెండ్స్ ఇళ్లల్లో 1998లో వచ్చిన ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ వేస్తుంటారు, మోషే కథ, దాంట్లో దేవుడు ఈజిప్టువాళ్ల పెద్ద కొడుకుల్ని చంపుతాడు, అంటే మనదానికన్నా ఘోరం. కానీ ఎట్లా తీశారంటే, తెల్లటి వెలుగు ఇళ్లల్లోకి జారుతుంది, ఒక పిల్లాడు కుండతో గుమ్మంలోకి వెళ్తాడు, కుండ కిందపడుతుంది, చెయ్యి కనపడుతుంది, అంతే. మోషే గెలిచి కూడా గోడకి ఆనుకుని ఏడుస్తాడు. మా అమ్మాయి కూడా ఏడ్చింది గానీ భయపడలేదు. మనవాళ్లు చంపేటప్పుడు ఈల వేయించారు, నాకు తేడా అక్కడే కనపడింది.

భాగవతం తాతయ్య:
బాబూ, పోతన గారి ఏడో స్కంధం ఒకసారి తియ్యండి. ఇందుగలడందు లేడని సందేహము వలదు దాకా అందరికీ నోటికొచ్చు, ఆ తర్వాత ఎవరూ పేజీ తిప్పరు. చంపాక కూడా స్వామి కోపం దిగదు, లక్ష్మీదేవే దగ్గరికి రావడానికి భయపడుతుంది, చివరికి ఆ పసివాడే వెళ్లి నిలబడి చల్లబరుస్తాడు. ఏం కావాలో కోరుకోమంటే, మా నాన్న మిమ్మల్ని తిట్టాడు, ఆయన పాపం పోవాలి అంటాడు. నీ తండ్రే కాదు, ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయి అంటాడు స్వామి. తండ్రికి కర్మకాండ కూడా ఆ పిల్లాడి చేతే చేయిస్తాడు. ఎన్ని నిమిషాలు పేగులు చూపించాలి, ఎన్ని నిమిషాలు ఇది చూపించాలి అన్నదే అసలు గొడవ. ఫైట్ మోత చెవుల్లో ఉండగా ఈ మాటలు పిల్లలకి వినపడవు, ఇంటికొచ్చాక మనం చెప్పుకోవాల్సిందే.

హేతువాది77:
తాతగారూ ఇది బాగుంది, కాదనను. కానీ టికెట్ డబ్బులు తీసుకున్నది వాళ్లు, చెప్పాల్సింది మనమా?

బుడ్డోడి నాన్న:
తాతగారు చెప్పింది రాత్రి మావాడికి చెప్పా. నాన్న పాపం పోవాలన్న దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకోటి పట్టుకున్నాడు, అసలు బ్రహ్మ అలాంటి వరం ఎందుకిచ్చాడు, తప్పు ఆయనది కదా అని. పొద్దున స్కూల్ బస్సు వచ్చేలోపు జవాబు కావాలంట.

భాగవతం తాతయ్య:
అదీ ఉంది నాయనా. స్వామి బ్రహ్మని పట్టుకుని, ఇలాంటి క్రూరులకి ఇంకెప్పుడూ ఇట్లాంటి వరాలివ్వకు, పాముకి అమృతం పోసినట్టే అంటాడు.

బుడ్డోడి నాన్న:
అంటే బ్రహ్మగారికి కూడా అక్షింతలు పడ్డాయన్నమాట. మావాడికి సినిమా మొత్తం మీద ఇదే నచ్చుద్ది.