అప్‌డేట్: సీ సెవెన్త్ మీద వేగపు వరుసలు లయకు కుదిరాయి

పియానోలో సీ సెవెన్త్ కార్డు (స, గ, ప, కైశికి ని కలిపి మోగించేది) మీద హరికాంభోజి రాగపు స్వరాలతో, అంటే మిక్సోలిడియన్ మోడ్‌లో, వేగంగా వాయించే వరుసలు లయకు అతకడం లేదని ఇదివరకు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

అమలాపురంలో పియానో నేర్పే మాస్టారు విని, చిక్కు వేళ్లలో కాక స్వరాల సంఖ్యలో ఉందని తేల్చారు. తాళపు దెబ్బకు రెండేసి చొప్పున ఏడు స్వరాలు వాయిస్తే రెండో స్థాయికి వచ్చేసరికి షడ్జమం (స) దెబ్బ తప్పుతుంది కాబట్టి, మీలో ఒకరు సూచించినట్లే హరికాంభోజిలో ఉండే కైశికి నిషాదానికీ (తగ్గు ని) పై షడ్జమానికీ నడుమ, ఆ రాగంలో లేని కాకలి నిషాదాన్ని (హెచ్చు ని) చేర్చి ఎనిమిది చేశాక, దిగేటప్పుడు కార్డుకు చెందిన స, ని, ప, గ స్వరాలు సరిగ్గా దెబ్బ మీదే పడుతున్నాయి. (ఆ కాకలి నిషాదానికి మా నాన్నగారు మొహం చిట్లించారనుకోండి!) ఎక్కేటప్పుడు గాంధారం కాగానే బొటనవేలిని మిగతా వేళ్ల కిందుగా మధ్యమం మీదికి తేవాలన్న సలహా కూడా పనికొచ్చింది.

కోనసీమ తేమకు పియానో మీటలు బిగుసుకున్నాయేమోనన్న అనుమానానికి మాత్రం ఆధారం దొరకలేదు. మెకానిక్ విప్పి చూసి అంతా బాగానే ఉందన్నారు.