ఎస్‌ఆర్ టెస్టులో నా రీడింగ్ ఎప్పుడూ 5, 6 ఎక్కువే వస్తోంది

పాత అట్టపెట్టెల నుంచి క్రాఫ్ట్ పేపర్ తీసే మిల్లులో అప్రెంటిస్‌ని, ల్యాబ్‌లో మూడో వారం. మెషిన్ చెస్ట్ (పేపర్ మెషిన్‌కి ముందు పల్ప్ నిల్వ ఉండే తొట్టి) నుంచి తెచ్చిన ఒకే బకెట్ పల్ప్, ఒకే ఫ్రీనెస్ టెస్టర్. పల్ప్ నుంచి నీళ్లు ఎంత నెమ్మదిగా దిగుతాయో ఎస్‌ఆర్ (షాపర్-రీగ్లర్) అంకెల్లో చెప్పే పరికరం ఇది; పక్క గొట్టం నుంచి నీళ్లు ఎంత తక్కువ వస్తే ఎస్‌ఆర్ అంత ఎక్కువ. సీనియర్ గారు చేస్తే పక్క గొట్టం నుంచి 680 మి.లీ. నీళ్లు, అంటే 32 ఎస్‌ఆర్. ఆయన వెనకాలే నేను చేస్తే 620 నుంచి 630 మధ్యే, అంటే 37, 38. ఒకటి రెండు తేడా అయితే పట్టించుకునేవాడిని కాదు.

జాలీ బ్రష్‌తో కడిగాను, గొట్టాల్లో నార ఇరుక్కుందేమో చూశాను. పల్ప్ ఎక్కువ పోస్తున్నానేమోనని, టెస్టయ్యాక జాలీ మీద మిగిలిన పల్ప్‌ని 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూచాను. మూడుసార్లూ, ఉండాల్సిన 2 గ్రాములకు అటూ ఇటూగానే ఉంది. నీళ్లు ఇద్దరికీ 29 డిగ్రీలే. 20 ఉండాలని తెలుసు, కానీ వేడి నీళ్లయితే రీడింగ్ తగ్గాలి కదా!

నాకు కనిపించిన తేడాలు రెండే. ఆయన లీటరు జాడీలో కలిపి వెంటనే పోసేస్తారు, నేను కొలత సరిచూసుకునేసరికి రెండు మూడు నిమిషాలవుతుంది. పైగా పల్ప్ పోశాక నీళ్లు దిగకుండా ఆపి ఉంచే శంకువు మూతను నేను ఒకసారి వెంటనే, ఒకసారి ఆగి లేపుతున్నాను. అడిగితే ఆయన ‘చెయ్యి తిరగాలి’ అంటారు, అంతే.

ఈ రెండింట్లో ఎస్‌ఆర్‌ని 5, 6 పెంచేది ఏది? లేక నేను చూడనిది ఇంకేమైనా ఉందా?