బ్రేక్ ఆయిల్ డబ్బాలో నల్లటి మడ్డి: కిరసనాయిలుతో కడగవచ్చా?

వేలచేరి నెల్లూరువాసి:

మాది 2014 నాటి చిన్న కారు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లేదు. మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పోయిన శనివారం తిరుమల నుంచి దిగుతుంటే, సగం ఘాట్ దాటాక బ్రేకు పెడల్ దూదిమూట మీద కాలు వేసినట్టు మెత్తగా దిగిపోయింది. వెనక పిల్లలు, అత్తగారు. రెండో గేరులోకి దించి, హ్యాండ్‌బ్రేకు లాగుతూ ఎలాగో పక్కకు ఆపాను. అరగంట చల్లారాక పెడల్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ గట్టిపడింది.

ఇంటికి వచ్చి బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల చిక్కటి కాఫీ డికాషన్ రంగు. జాలి బయటికి లాగితే అడుగున వేలికి అంటుకునే నల్లటి మడ్డి.

వీధి చివరి మెకానిక్ తగ్గినంత పోస్తే చాలన్నాడు. మామగారేమో కిరసనాయిలు పోసి గిలకొట్టి పారబోయమంటున్నారు. స్కూటరు కార్బరేటర్లను ఆయన జీవితమంతా అలాగే కడిగారట. నాకు రెండూ మింగుడుపడలేదు. ఆదివారం నేనే చేసుకుందామని ఉంది. డబ్బా ఊడదీయాలా? ఆయిల్ ఎంత కొనాలి?

అంబత్తూరు స్పానర్:

ముందు ఆ కిరసనాయిలు సీసాను కారుకు దూరంగా పెట్టించండి. మామగారిని తప్పుపట్టను, తప్పంతా పేరుది. మనం ఆయిల్ అంటాం గాని అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. నీటిలో ఇట్టే కలుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లోపలి రబ్బరు సీళ్ళు దానికి తగ్గట్టు చేసినవి. కిరసనాయిలు, పెట్రోలు, ఇంజిన్ ఆయిల్, వీటిలో ఏది తగిలినా నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. అప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవాన్ని చక్రాలకు నెట్టే భాగం) నుంచి చక్రాల దాకా రబ్బరన్నదల్లా మార్చుకోవాలి. పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసి తెచ్చిన బండిని కూడా చూశాను. మూత కింది రబ్బరు ఎంత ఉబ్బిందంటే తిరిగి లోపల పట్టలేదు.

అందుకే ముందు ఒక పరీక్ష చేయండి. గాజు గ్లాసులో నీళ్ళు పోసి మీ డబ్బాలోది నాలుగు చుక్కలు వేయండి. కలిసిపోతే సరే. నూనెలా పైకి తేలితే పాత యజమాని ఏదో పోశాడన్నమాట, ఇక చేయి పెట్టకుండా వర్క్‌షాపుకు పంపండి.

ఘాట్‌లో జరిగింది విచిత్రమేమీ కాదు. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ప్రమాణం ప్రకారమే అది 140కి పడిపోవచ్చు. ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న మన చెన్నైలో నీరు చేరడానికి వేరే కారణం అక్కర్లేదు. చక్రం దగ్గర బ్రేకును నొక్కి పట్టే కాలిపర్‌లో అది మరిగి ఆవిరైతే మీ కాలి బలమంతా ఆవిరిని నొక్కడానికే సరి. చల్లారితే మళ్ళీ ద్రవమే, కనుక పెడల్ గట్టిపడింది. ఇక మీదట దిగేటప్పుడు బ్రేకులు చెడిపోయాక కాదు, మొదటి నుంచే తక్కువ గేరులో దిగండి.

డబ్బా ఊడదీయకుండా చూడండి. కింద రెండు రబ్బరు గ్రోమెట్లు (కారకుండా బిగించే రింగులు) ఉంటాయి, పాతబండిలో ఒకసారి లాగితే మళ్ళీ పట్టవు. ముందు మూత చుట్టూ తుడవండి. కొత్త సిరంజికి సన్నటి గొట్టం తొడిగి పాతది లాగేయండి, అడుగున కాస్త ఉంచి. ఆ సమయంలో పెడల్ ఎవరూ తొక్కకూడదు. పోగులు రాలని గుడ్డతో లోపల తుడిచి, కొత్తది కొంచెం పోసి కదిపి మళ్ళీ లాగండి. దూది, బనియను గుడ్డ వద్దు, పోగు రంధ్రంలో పడితే మరో తలనొప్పి. జాలిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. అప్పటికీ మడ్డి కదలకపోతేనే కొత్త గ్రోమెట్లు చేతిలో పెట్టుకుని డబ్బా విప్పండి.

తర్వాత చక్రాలు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, మీరు చక్రం దగ్గరి నిప్పుల్ (ద్రవాన్ని బయటికి వదిలే చిన్న మర) తెరిచి, దానికి తొడిగిన గొట్టం గుండా పాతదాన్ని సీసాలోకి వదలాలి. కుడివైపు స్టీరింగ్ బళ్ళలో సాధారణంగా వెనక ఎడమ చక్రం దూరం, అక్కడి నుంచి మొదలు. కొన్ని కార్లలో వరుస వేరు, మాన్యువల్ చూడండి. నిప్పుల్‌కు రింగ్ స్పానరే వాడండి, మొండికేస్తే బలవంతం చేయకండి, విరిగితే కాలిపరే మార్చాల్సి వస్తుంది. ఒక లీటరు కొనండి, మూత మీద డాట్ 3 అని ఉందో 4 అని ఉందో చూసి. డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని వీటిలో కలపకూడదు. పెయింటు మీద పడితే తుడుస్తూ కూర్చోకుండా వెంటనే నీళ్ళు కుమ్మరించండి.

మారతహళ్ళి రైడర్:

అంకుల్ చెప్పినదానికి ఒకటే చేరుస్తాను. మధ్యమధ్య డబ్బాలో మట్టం చూస్తూ ఉండండి. నేను ఫోను మాట్లాడుతూ ఖాళీ చేసేశాను. నాది ఏబీఎస్ బండి, గాలి లోపలి యూనిట్‌లోకి వెళ్ళింది. చివరికి స్కానర్ ఉన్న వర్క్‌షాపుకు తోయించుకుని వెళ్ళాను, బెంగళూరు ట్రాఫిక్‌లో.

వేలచేరి నెల్లూరువాసి:

పని అయింది. గ్లాసు పరీక్షలో చుక్కలు కలిసిపోయాయి, ఊపిరి పీల్చుకున్నాను. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో డాట్ 3 లీటరు తెచ్చాను. జాలి కింది మడ్డికి మూడుసార్లు సిరంజి పట్టాల్సి వచ్చింది.

గొడవ వెనక ఎడమ చక్రం దగ్గర వచ్చింది. పెడల్ మీద మా ఆవిడ. "తొక్కు" అన్నాను, తొక్కింది. "పట్టుకో" అన్నాను, పట్టుకుంది. నిప్పుల్ తిప్పుతూ "వదులు చేస్తున్నాను" అన్నాను. ఆవిడకు మొదటి మాటే వినిపించింది, పెడల్ వదిలేసింది. గొట్టం కొస సీసాలో మునిగి లేదు. బుడగలు వరసగా లోపలికి వెళ్ళడం కళ్ళారా చూశాను. ఆ తర్వాత "తెరిచాను", "మూశాను", "కాలు తియ్యి" అనే మాటలు ఖాయం చేసుకుని, ఆ చక్రానికే మరో పన్నెండు సార్లు కొట్టాం. మొదట డికాషన్, తర్వాత టీ, చివరికి కొత్త సీసాలోని రంగు. పెడల్ ఇప్పుడు గట్టిగా పైనే ఆగుతోంది. అపార్ట్‌మెంటు లోపలే పది చుట్లు తిప్పి చూశాను.

పాతది లీటరు దాకా బాల్కనీలో ఉంది. ఎక్కడ పారబోయాలి?

అంబత్తూరు స్పానర్:

కాలవలో, చెట్టు మొదట్లో పోయకండి. వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో అడిగి విడి డబ్బాలోనే ఇవ్వండి, ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా. పెడల్ తొక్కించి పట్టుకోమని నాలుగు నిప్పుల్స్ దగ్గరా తడి ఉందేమో ఇంకోసారి చూడండి. డబ్బాలో మట్టం వారం తర్వాత మళ్ళీ చూడండి.

ఆ బాల్కనీ సీసాల మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందకుండా పైన పెట్టండి. చివర్లో వచ్చినది అచ్చం ఆముదంలా ఉంటుంది, ఇంట్లో అత్తగారు ఉన్నారన్నారు కదా.